యూరప్ భూ రిజిస్టర్లు: ఒకే గోదామా, ఉమ్మడి గుమ్మమా?

లిస్బన్‌లో ఉంటున్న అన్నాచెల్లెళ్లు తండ్రి ఆస్తి తేల్చుకోవడానికి నోటరీ దగ్గరకు వెళ్లారనుకుందాం. ఆయన పేరున బెర్లిన్‌లో ఒక ఫ్లాటు, వియన్నాలో మరొకటి ఉన్నాయని వాళ్లకు తెలుసు. వాటిమీద తాకట్లు ఉన్నాయో లేదో తెలియదు. 2015 ఆగస్టు 17 నుంచి అమలవుతున్న యూరోపియన్ యూనియన్ వారసత్వ నిబంధన పుణ్యమా అని, ఆస్తి ఎన్ని దేశాల్లో ఉన్నా పంపకానికి సాధారణంగా ఒకే దేశపు చట్టం సరిపోతుంది. ఆస్తి వివరాలు మాత్రం ఏ దేశానివి ఆ దేశపు భూ రిజిస్టరులోనే, అంటే ఏ ఆస్తి ఎవరిదో, దానిమీద ఏ తాకట్లున్నాయో రాసే అధికారిక పుస్తకంలోనే ఉంటాయి.

ఇప్పుడున్న పద్ధతి ఏ దేశానికి ఆ దేశం తలుపు తట్టడం. వియన్నా ఫ్లాటుకు ఇది పెద్ద కష్టం కాదు. ఆస్ట్రియా భూ రిజిస్టరును రుసుము కట్టి ఎవరైనా చూడవచ్చు. యజమాని పేరుతో వెతకాలంటే మాత్రం చట్టబద్ధమైన ప్రయోజనం ఉన్నట్టు చూపాలి. బెర్లిన్ దగ్గర దారి ఇరుకవుతుంది. అక్కడ రిజిస్టరు స్థానిక కోర్టు చేతిలో ఉంటుంది, న్యాయమైన ప్రయోజనం చూపనిదే తెరవరు. వారసులకు ఆ ప్రయోజనం ఉంది. కానీ దాన్ని మరో దేశం నుంచి, మరో భాషలో రుజువు చేసుకోవాలి. డబ్బున్నవాడు అక్కడొక వకీలును పెట్టుకుంటాడు. లేనివాడికి నెలలు గడుస్తాయి. ఈ పద్ధతిని అలాగే ఉంచాలనేవారి మాట నాకు మింగుడుపడదు.

దీనికి విరుగుడుగా, అన్ని దేశాల రికార్డులనూ ఒకే గోదాములో పోస్తే సరిపోదా అని చాలామందికి తోస్తుంది. సరిపోదు. భూ రిజిస్టరులో ఏ తాకట్టు ముందు నమోదైందన్నది ప్రాణంలాంటి విషయం. వేలం జరిగితే ముందు ఎవరికి డబ్బు దక్కుతుందో ఆ వరుసే చెబుతుంది. గోదాములో ఉండేది నకలే; అది ఒక్కరోజు వెనకబడినా నిన్నటి తాకట్టును దాచేస్తుంది. పైగా జర్మనీలో రిజిస్టరును నమ్మి నిజాయితీగా కొన్నవాడికి చట్టం అండగా నిలుస్తుంది. ఆ అండ అసలు రిజిస్టరుకే, నకలుకు కాదు. ఆస్తి యాజమాన్య వ్యవస్థ సభ్యదేశాలదేనని యూనియన్ ఒప్పందంలోని 345వ అధికరణం తేల్చి చెబుతోంది కూడా. గోదాము ఆలోచనను ఇక్కడే వదిలేయవచ్చు.

మిగిలింది ఉమ్మడి గుమ్మం. రికార్డు ఎక్కడిదక్కడే ఉంటుంది, అడిగేవాడి ప్రశ్న ఒకే పోర్టల్ మీదుగా ఆయా దేశపు రిజిస్టరుకు వెళ్లి జవాబుతో తిరిగివస్తుంది. యూరప్ భూ రిజిస్టర్ల సమాచారం కోసం 2006లో మొదలైన యూలిస్ సేవ ఈ దారినే తొక్కింది. దాని తర్వాత యూనియన్ పాలనా విభాగమైన యూరోపియన్ కమిషన్ తన న్యాయ సమాచార వెబ్‌సైటైన ఈ-జస్టిస్ పోర్టల్‌లో చేపట్టిన భూ రిజిస్టర్ల అనుసంధానానిదీ ఇదే నమూనా. నా ఓటు దీనికే. అయితే తీగలు కలిపితే పని అయిపోతుందనుకోవడం పొరపాటు.

బెర్లిన్ ఫ్లాటు జవాబు వచ్చిందనుకోండి. అందులో తాకట్ల లాంటి భారాలు రాసే మూడో విభాగంలో గ్రుంట్‌షుల్డ్ అని, పక్కన రెండు లక్షల యూరోలు అని ఉంది. తండ్రి ఇంత అప్పు మిగిల్చాడా అని పిల్లలు హడలిపోతారు. నిజానికి గ్రుంట్‌షుల్డ్ అప్పుతో ముడిపడని భారం. అప్పు పూర్తిగా తీరినా అది దానంతటదే చెరిగిపోదు. మళ్లీ అప్పు కావలసివస్తే పనికొస్తుందని కొందరు యజమానులు కావాలనే ఉంచుకుంటారు. ఆ అంకె బాకీ కాదు, ఆస్తి మోయగల హద్దు. దాన్ని ‘తాకట్టు’ అని అనువదించి ఊరుకుంటే యంత్రం అబద్ధం చెప్పినట్టే. ఫ్రాన్స్‌లో చిక్కు ఇంకో రకం. అక్కడ చాలాచోట్ల నమోదయ్యేది దస్తావేజు. ఆ నమోదు హక్కుకు హామీ ఇవ్వదు. అదే ఫ్రాన్స్‌లోని అల్సాస్, మొసెల్‌లలో జర్మన్ పాలన కాలం నాటి భూ పుస్తకం ఇప్పటికీ నడుస్తోంది.

అందుకే యూరోపియన్ భూ రిజిస్ట్రీల సంఘం చేపట్టిన ఇమోలా ప్రాజెక్టు నాకు పోర్టల్ కన్నా విలువైనదిగా కనిపిస్తుంది. సమాచారాన్ని ఒకే నమూనా పత్రంలో అమర్చి, ఏ దేశపు పదం వెనక ఏ హక్కు ఉందో వివరించడం దాని ఉద్దేశం. పదాల తేడా కోర్టుకెక్కిన సందర్భమూ ఉంది. పోలండ్ చట్టం ప్రకారం వీలునామా రాసిన వ్యక్తి చనిపోగానే ఆస్తి నేరుగా లబ్ధిదారు సొంతమయ్యే ఏర్పాటు చేయవచ్చు. జర్మనీలో అయితే అలాంటి లబ్ధిదారు వారసులను అడిగి తీసుకోవాలి. జర్మనీలోని స్థిరాస్తి విషయంలోనూ, జర్మన్ చట్టంలో అలాంటిది లేదన్న ఒక్క కారణంతో పోలండ్ ఏర్పాటును కాదనడం కుదరదని 2017 అక్టోబరు 12న యూనియన్ న్యాయస్థానం తీర్పిచ్చింది.

ఇక తప్పనిసరా, స్వచ్ఛందమా అన్నది ప్రశ్న. కంపెనీ రిజిస్టర్ల అనుసంధానాన్ని 2012 నాటి యూనియన్ ఆదేశం తప్పనిసరి చేసింది, 2017 జూన్‌లో అది నడక మొదలుపెట్టింది. భూ రిజిస్టర్లకు మాత్రం ఇష్టమున్న దేశమే చేరవచ్చు. కొన్ని గదులకే తెరుచుకునే గుమ్మంతో వారసులకు ఏం లాభం? 2024 నాటి మనీ లాండరింగ్ నిరోధక ఆదేశం 2029 జూలై నాటికి ప్రతి దేశమూ స్థిరాస్తి సమాచారానికి ఒకే ప్రవేశ ద్వారం ఏర్పాటు చేయాలంటోంది. అయితే అది అధికారుల కోసం. దొంగసొమ్మును పట్టడానికి కుదిరిన బలవంతం, తండ్రి ఇంటి వివరాలు అడిగే పిల్లలకు ఎందుకు కుదరదు?

అలాగని అందరికీ అన్నీ తెరవాలనడం లేదు. కంపెనీల అసలు యజమానుల వివరాలు ప్రజలందరికీ అందుబాటులో ఉంచడం చెల్లదని 2022 నవంబరు 22న అదే న్యాయస్థానం చెప్పింది. ఇంటి విషయంలో గోప్యత ఇంకా సున్నితం. ఆస్ట్రియా పద్ధతి నాకు నచ్చుతుంది: ఆస్తిని బట్టి వెతకడం సులువు, మనిషిని బట్టి వెతకడం కష్టం. లిస్బన్ నోటరీ మరణ ధ్రువీకరణ, వారసత్వ పత్రం జతచేసి అడిగితే జర్మన్ కోర్టు ఆ కాగితాలను చూసి తెరవాలి. మూడో విభాగంలోని ఆ రెండు లక్షల సంగతి అర్థం కాకపోతే, అవతలి దేశపు రిజిస్ట్రారును అడిగే వీలుండాలి. భూ రిజిస్ట్రీల సంఘానికి దేశదేశాల్లో అలాంటి సంప్రదింపు అధికారులు ఇప్పటికే ఉన్నారు. పోర్టల్ జవాబు పక్కనే వాళ్లను చేరే దారి కూడా ఉంటే, ఆ అన్నాచెల్లెళ్లు మిగలని అప్పుకు భయపడి ఫ్లాటును తక్కువకు అమ్ముకోవలసిన అవసరం ఉండదు.