జనవరిలో సూళ్లూరుపేట: పులికాట్ రోడ్డు ఒక పూట, నేలపట్టు ఒక పూట

రాజహంసల (ఫ్లెమింగోల) కోసం పులికాట్ సరస్సుకు వచ్చేవాళ్లు చాలామంది ఫ్లెమింగో ఫెస్టివల్ రోజులే ఎంచుకుంటారు. 2025లో అది జనవరి 18 నుంచి 20 దాకా జరిగింది. పండుగ చూడాలంటే సరే, పక్షుల కోసమైతే ఆ మూడు రోజులూ వద్దు. లాడ్జీలు దొరకవు, రోడ్డు మీద జనం తగ్గరు. పండుగకు వారం ముందో వెనకో, అదీ శని ఆదివారాలు కాకుండా రండి.

సూళ్లూరుపేటకు చెన్నై నుంచి లోకల్ రైళ్లున్నాయి. బసకు ఊళ్లోని మామూలు లాడ్జీలు చాలు. తెల్లవారుజామున 5కే బయల్దేరతామని రాత్రే చెప్పి, గేటు తాళం ఎవరి దగ్గరుంటుందో కనుక్కోండి. ఆటో మాట్లాడుకునేటప్పుడు వెయిటింగ్‌కు ఎంతో ముందే తేల్చుకోండి. ఇంకో మాట కూడా అప్పుడే చెప్పాలి: పక్షుల దగ్గర హారన్ కొట్టొద్దని. గుంపు లేస్తే ఫొటో బాగుంటుందని మన మేలు కోరే కొడతారు.

శ్రీహరికోట వెళ్లే రోడ్డు దాదాపు 18 కిలోమీటర్లు, చాలా దూరం సరస్సు మధ్యలోంచే. టిఫిన్, మంచినీళ్లు, బాత్రూం అన్నీ ఊళ్లోనే చూసుకోండి. రోడ్డు తూర్పుకు పోతుంది, చలికాలం సూర్యుడు దక్షిణానికి ఒరిగి ఉంటాడు. అందుకే ఎడమవైపు, అంటే ఉత్తరపు నీళ్లలోని పక్షులకు వెలుగు తిన్నగా పడుతుంది. కుడివైపువి నల్లటి బొమ్మల్లా కనిపిస్తాయి. 6:30 నుంచి 9 లోపు చూసేయాలి. ఆ తర్వాత తడి నేల మీద ఆవిరి ఆడి, 60 రెట్లు పెద్దగా చూపే టెలిస్కోపులో కూడా ముక్కు రంగు తెలియదు. చేతిలో పట్టుకునేందుకు 8x42 (8 రెట్లు చూపే, 42 మి.మీ. అద్దాల) బైనాక్యులర్ హాయి.

ముక్కు రంగే ఎందుకంటే, చిన్న రాజహంస అనే అరుదైన వేరే జాతిని పట్టించేది అదే. మామూలుగా కనిపించే పెద్ద రాజహంస ముక్కు లేత గులాబీ, కొన మాత్రమే నలుపు. చిన్నదానికి ముక్కంతా ముదురు ఎరుపు, దూరానికి నల్లగానే కనిపిస్తుంది. పొట్టిగా ఉందని చిన్న రాజహంస అనుకోకండి. పెద్దదాని పిల్ల కూడా పొట్టిగానే ఉంటుంది, కాకపోతే బూడిద గోధుమరంగులో ఉంటుంది. (పేరుకు రాజహంసే గానీ హంసతో చుట్టరికమేమీ లేదు.)

వానలు గట్టిగా పడ్డ ఏడు నీళ్లు లోతై గుంపులు దూరంగా చెదిరిపోతాయి. నీరు తీసే కొద్దీ రోడ్డుకు దగ్గరవుతాయి. అప్పుడే జనం కారు దిగి బురదలోకి నడుస్తారు. పైన ఎండిన పొర, కింద మోకాలి లోతు రొంపి: కాలు దిగుతుంది, కారైతే ట్రాక్టర్ రావాల్సిందే. అసలు దిగకండి. బండి గట్టి అంచున ఆపి ఇంజన్ కట్టేస్తే కాసేపటికి పక్షులు మళ్లీ మేతలో పడతాయి. తల నీళ్లలో తలకిందులుగా పెట్టి కాళ్లతో తొక్కుతున్నాయంటే మీరు సరైన దూరంలో ఉన్నట్టు. మెడలన్నీ ఒక్కసారి లేచి, గుంపంతా ఒకే దిక్కుకు నడక మొదలెడితే దగ్గరికి వచ్చేశారు, వెనక్కి తగ్గండి. డ్రోన్ ఊసే ఎత్తొద్దు, అవతల ఉన్నది షార్, ఇస్రో రాకెట్ ప్రయోగ కేంద్రం.

నేలపట్టు పక్షుల సంరక్షణ కేంద్రానికి సాయంత్రం వెళ్లండి. దొరవారిసత్రం నుంచి దగ్గరే. ఇక్కడ పద్ధతి వేరు: పులికాట్‌లో పక్షులు మేతకు వస్తాయి, ఇక్కడ గూళ్లు కడతాయి. చెరువులోని నీటికడప చెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు), నత్తగుల్లకొంగలు, తెల్లకంకణాలు, నీటికాకులు ఉంటాయి. తల్లి బెదిరి లేచిన కాస్త వ్యవధిలోనే కాకి గుడ్డు ఎత్తుకుపోతుంది, ఈకలు రాని పిల్ల ఎండకు మాడుతుంది. కట్ట మీద బారుగా నిలబడకుండా చెట్ల నీడన కదలండి. వాచ్‌టవర్ ఎక్కితే మాటలు ఆపేయండి. ఫోన్‌లో కూతలు వినిపించి పిలవడం ఇక్కడ పాపమే.

ఒక్కపూటే ఉంటే? అరుదైనది కావాలంటే పులికాట్ ఉదయం. పిల్లలతో వస్తే నేలపట్టు. గూడబాతు పిల్ల తల్లి గొంతు సంచిలోకి తలదూర్చి చేపలు తినడం బైనాక్యులర్‌లో స్పష్టంగా కనిపిస్తుంది.