ఆరేళ్ల సాఫ్ట్‌నర్: వాడినప్పుడు కాదు, దాచినప్పుడు పాడైంది

కుళాయిలోంచి ఇసుక వస్తోందేమో అనుకున్నాను ముందు. అరచేతిలో పట్టి చూస్తే ఇసుక కాదు. లేత తేనె రంగులో, గాజుపెంకుల్లా మెరిసే సన్నటి ముక్కలు. మా బోరు నీళ్లలోని సున్నాన్ని, అంటే హార్డ్‌నెస్‌ను, తగ్గించే వాటర్ సాఫ్ట్‌నర్ లోపల ఆ సున్నాన్ని పట్టుకునే గుండ్రటి పూసలుగా ఉండాల్సిన రెసిన్, పగిలి పొడై నా చేతిలోకి వచ్చింది. తొమ్మిది నెలలు ముట్టుకోని మెషిన్ అది. ముట్టుకోకపోవడం వల్లే పాడైంది.

ఈ సాఫ్ట్‌నర్ పెట్టించి ఆరేళ్లు. మొదటి ఏడాది కనిపించిన వాళ్లందరికీ చెప్పాను: గీజర్ ఎలిమెంట్‌కు సున్నం పట్టడం తగ్గింది, షవర్ రంధ్రాలు మూసుకుపోవడం లేదు, సబ్బు సగం చాలు, అసలు మెషిన్ వైపు చూడక్కర్లేదు, ఉప్పు పోస్తే చాలు అని. మిగతావి ఇప్పటికీ నిజమే. చివరిది మాత్రం వెనక్కి తీసుకుంటున్నాను.

ఇంటి పనులు మొదలుపెట్టి మేం తొమ్మిది నెలలు వేరే చోట ఉండాల్సి వచ్చింది. సాఫ్ట్‌నర్‌ను విప్పి పక్కన పెట్టాలి. విప్పడానికి వచ్చిన టెక్నీషియన్ "మేడమ్, నీళ్లు నిలవ ఉంటే వాసనొస్తుంది, మొత్తం వంచేసి ఆరబెట్టి పెట్టుకోండి" అన్నాడు. వినడానికి సబబుగానే ఉంది. గిన్నెలైనా, డ్రమ్ములైనా మనం అలాగే కదా దాచేది. పైన వాల్వు తీసేసి, నీళ్లు వంపి, మూత కూడా పెట్టకుండా ఓ గదిలో నిలబెట్టాం. యూజర్ మాన్యువల్‌లో బిగించడం గురించి పేజీలకు పేజీలు ఉంది. దాచడం గురించి ఒక్క ముక్క లేదు. నా కోపమంతా అక్కడే.

రెసిన్ పూస పొడిగా కనిపించినా దాని బరువులో దాదాపు సగం నీళ్లే. ఎండితే ముడుచుకుంటుంది. ఎండిన పూస మీద ఒక్కసారిగా మామూలు నీళ్లు పోస్తే గబగబా పీల్చుకుని ఉబ్బుతుంది, ఆ ఒత్తిడికి పగులుతుంది. మేం చేసింది అచ్చంగా అదే. మెషిన్ మళ్లీ బిగించి, మోటారు వేసి, వాల్వు పూర్తిగా తిప్పేశాం. ట్యాంకులో ఏదో చిటపటమంది. గాలి బయటికి పోతోందిలే అనుకున్నాం.

అడుగున ఉండే జల్లెడ మంచి పూసలను ఆపుతుంది కానీ, పగిలిన ముక్కలను ఆపలేదు. అవి కుళాయి చివరి జాలీల్లో, షవర్‌లో, వాషింగ్ మెషిన్‌కు నీళ్లు వెళ్లే చోటి ఫిల్టర్‌లో ఇరుక్కున్నాయి. అన్నీ విప్పి కడిగి బిగించడానికి రెండు ఆదివారాలు పట్టింది. బ్యాక్‌వాష్ (నీళ్లు కింద నుంచి పైకి పంపి రెసిన్‌ను కడగడం) ఎన్నిసార్లు తిప్పానో లెక్కలేదు. అంతా అయ్యాక మిగిలిన రెసిన్‌తో ఆరు రోజులు రావాల్సిన మెత్తటి నీళ్లు నాలుగు రోజులకే అయిపోయేవి. చివరికి మూడో వంతు రెసిన్ కొత్తది పోయించాం.

ఎండిన రెసిన్‌ను ముందు చిక్కటి ఉప్పునీళ్లలో నానబెట్టి, ఆ ఉప్పును విడతలవారీగా పలచన చేస్తూ పోవాలని తర్వాత తెలిసింది. ఉప్పునీళ్లలో పూస నెమ్మదిగా ఉబ్బుతుంది కాబట్టి పగలడం తగ్గుతుంది. అసలు ఎండనివ్వకపోతే ఈ తంటాయే లేదు.

రెండోసారి, పోయిన ఏడాది, ఐదు నెలలు వెళ్లాం. ఈసారి ఎవరినీ అడగలేదు. బయల్దేరే రోజు ఉదయం రీజనరేషన్ (ఉప్పునీళ్లతో రెసిన్‌ను మళ్లీ పనికొచ్చేలా చేయడం) పెట్టి, ట్యాంకు ఉప్పునీళ్లు పీల్చుకోవడం అయ్యాక, కడిగే దశ సాగకముందే, నీళ్లు మెషిన్‌లోకి రాకుండా పక్కదారి పట్టించే బైపాస్ తిప్పేశాను. ట్యాంకు పైన వాల్వును మామూలు స్థానానికి తెచ్చి కరెంటు ప్లగ్ తీశాను. అంటే రెసిన్ ఉప్పునీళ్లలో మునిగి ఉంది. ఎండదు, సూక్ష్మజీవులూ అంత తేలిగ్గా పెరగవు, చలి ప్రాంతాల్లో తొందరగా గడ్డకట్టదు కూడా. ఎండ నేరుగా పడకుండా ట్యాంకు మీద పాత దుప్పటి కప్పాం. హార్డ్‌నెస్ సెట్టింగ్, రీజనరేషన్ టైము ఓ కాగితం మీద రాసి ట్యాంకుకే అతికించాను. ఎక్కువ రోజులు కరెంటు లేకపోతే మా దానిలో గడియారం సున్నాకొస్తుంది.

తిరిగొచ్చాక బైపాస్‌ను కొద్దికొద్దిగా తిప్పాను. మొదట వచ్చిన నీళ్లు ఉప్పగా, కాస్త మురగ వాసనతో ఉన్నాయి. పారబోసి, ఒక పూర్తి రీజనరేషన్ నడిపాక టెస్ట్ కిట్ తీశాను. హార్డ్ వాటర్ అయితే గులాబీ రంగు నీలంగా మారడానికి చుక్కలు లెక్కపెట్టుకుంటూ పోవాలి. మొదటి చుక్కకే నీలం తిరిగింది. ఆరేళ్లలో ఈ మెషిన్ నాకిచ్చిన అసలు సంతోషం ఆ చుక్కే. పక్కన మా ఆయన టీడీఎస్ మీటర్ (నీళ్లలో కరిగినవన్నీ కలిపి ఎంతున్నాయో చూపేది) పెట్టి "ఏం తగ్గలేదుగా" అన్నారు. తగ్గదు. కాల్షియం, మెగ్నీషియం పోయి ఆ చోట్లో సోడియం వస్తుందే తప్ప కరిగినవేవీ మాయం కావు. ఆరేళ్లుగా ఇదే చెప్తున్నాను.

అప్పుడూ ఒక తప్పు చేశాను. ఉప్పు ట్యాంకులో సగం ఉప్పు అలాగే వదిలేశా. తేమకు అది బండలా బిగుసుకుంది. పైన గట్టి పొర, కింద ఖాళీ, దాని అడుగున నీళ్లు. అలాంటప్పుడు మెషిన్ రీజనరేషన్ అయిపోయిందని చూపిస్తూనే ఉంటుంది, ఉప్పు మాత్రం రెసిన్ దాకా వెళ్లదు. రాడ్డుతో పొడిస్తే ట్యాంకు పగలొచ్చని భయపడి, గోరువెచ్చని నీళ్లు పోసి చీపురు కర్రతో మెల్లగా విరిచాను. మామూలుగా వాడేటప్పుడు కూడా నెలకోసారి కర్ర పెట్టి చూడటం అప్పటినుంచే అలవాటైంది. ఉప్పు నిండుగా పోయడం మానేశాను, సగానికి ఆపుతున్నాను.

కొనమంటానా అంటే, మా బోరు నీళ్ల హార్డ్‌నెస్ లీటరుకు 400 మిల్లీగ్రాములు దాటుతుంది కాబట్టి నాకు లాభమే. 100 లోపు ఉన్నవాళ్లకు ఎందుకో నాకు తెలియదు. ఇల్లు ఎప్పుడూ ఖాళీ చేయని వాళ్లకు నా గోల సగం అక్కర్లేదు. ఇంట్లో సోడియం తగ్గించమని డాక్టర్ చెప్పినవాళ్లుంటే తాగే కుళాయికి వేరే లైను ఉంచుకోవాలి. మేం ఉంచుకున్నాం, మొక్కలకూ ఆ వేరే లైను నీళ్లే.

వచ్చే నెల మళ్లీ మూడు నెలలు వెళ్తున్నాం. ఈసారి ఉప్పు ముందే అయిపోయేలా చూసుకుంటున్నాను. ఇంకో రెండు రీజనరేషన్లకు సరిపడా ఉంది.