కంపెనీ రూల్స్ వచ్చాక కూడా ఎల్‌ఎల్‌పీ మేలేనా?

ఎల్‌ఎల్‌పీ అంటే లిమిటెడ్ లయబిలిటీ పార్ట్‌నర్షిప్, వ్యాపారం అప్పులు ఇంటిదాకా రాని భాగస్వామ్యం. మా ఆఫీసుకొచ్చేవాళ్ళు ఈ మధ్య మళ్ళీమళ్ళీ అడిగేది దీని గురించే. "ఎల్‌ఎల్‌పీలకి కూడా కంపెనీ చట్టం పెట్టేశారంట కదండీ, ఇంక ప్రైవేట్ లిమిటెడే పెట్టుకుంటే పోలా?"

పెట్టిన మాట నిజమే. 2008 నాటి ఎల్‌ఎల్‌పీ చట్టంలోనే 67వ సెక్షన్ ఒకటుంది. కంపెనీ చట్టంలోని సెక్షన్లను, అవసరమైన మార్పులతో, నోటిఫికేషన్ ద్వారా ఎల్‌ఎల్‌పీలకు వర్తింపజేసే అధికారం కేంద్రానికి దాంతోనే వచ్చింది. 2022 ఫిబ్రవరి 11న ఆ అధికారం వాడి కొన్నింటిని తెచ్చారు. అసలు యజమాని ఎవరో చెప్పమనే 90వ సెక్షన్, అనర్హతల 164, పదవి ఖాళీ అయ్యే 167, రిజిస్టర్‌లోంచి పేరు కొట్టేస్తే కంపెనీ లా ట్రిబ్యునల్‌కి వెళ్ళే 252, ఇంకా తనిఖీలవీ.

ఆ జాబితా చూస్తే నాకు అనిపించేది ఒకటే: ఇవన్నీ కాపలా రూల్స్. డబ్బు రూల్స్ అందులో లేవు. డైరెక్టర్లకి అప్పులివ్వడం మీద ఉన్న 185 రాలేదు, డిపాజిట్ల 73 రాలేదు, లాభంలో కొంత సమాజ సేవకి ఖర్చుపెట్టాలనే సీఎస్సార్ రాలేదు.

నా దృష్టిలో తేల్చేది ఇదే. అన్నదమ్ములిద్దరి వ్యాపారం అనుకోండి. కూతురి పెళ్ళికి పదిహేను లక్షలు కావాలి, వ్యాపారం ఖాతాలో ఉన్నాయి. ప్రైవేట్ లిమిటెడ్ అయితే 185 అడ్డం. చిన్న ప్రైవేట్ కంపెనీలకి 2015 నుంచి షరతులతో మినహాయింపు ఉందిలెండి, దాంతో 185 అడ్డం దాటినా ఇన్‌కమ్ ట్యాక్స్ దగ్గర దొరుకుతారు. ఓటింగ్‌లో పది శాతం, ఆపైన వాటా ఉన్నవాళ్ళకి కంపెనీ ఇచ్చే అప్పును, పోగైన లాభాల మేరకు, డివిడెండ్ కింద లెక్కేస్తారు. పుస్తకాల్లో చేబదులని రాసుకున్నా అంతే. ఎల్‌ఎల్‌పీలో అగ్రిమెంట్ ఒప్పుకుంటే అది పార్ట్‌నర్ డ్రాయింగ్స్ (సొంతానికి తీసుకున్న డబ్బు), ఆయన క్యాపిటల్ ఖాతాలో ఖర్చు రాస్తే సరి. లాభం మీద ఎల్‌ఎల్‌పీ ఒకసారి పన్ను కట్టాక పార్ట్‌నర్ చేతికొచ్చిన వాటాకి మళ్ళీ పన్ను లేదు.

అయితే ఆ ఒకసారి కట్టేదే ఎక్కువ. ఎల్‌ఎల్‌పీకి సెస్సుతో కలిపి 31.2 శాతం, 22 శాతం స్కీమ్ ఎంచుకున్న కంపెనీకి అన్నీ కలిపి 25.17. లాభాన్ని బయటికి తీయకుండా ఏళ్ళ తరబడి వ్యాపారంలోనే తిప్పేవాళ్ళకి కంపెనీయే లాభం. కానీ మన ఇళ్ళల్లో అలా తీయకుండా ఉండేవాళ్ళు ఎంతమంది? తీసిన రోజున డివిడెండ్ మీద మీ శ్లాబు ప్రకారం మళ్ళీ కట్టాలి. ఆడిట్ సంగతి అందరికీ తెలిసిందే, ఒక్క రూపాయి అమ్మకం లేకపోయినా కంపెనీకి తప్పదు, చిన్న ఎల్‌ఎల్‌పీకి తప్పనిసరి కాదు.

బయటి ఇన్వెస్టర్ వస్తాడనుకుంటే, ఉద్యోగులకి షేర్లు ఇవ్వాలనుకుంటే ప్రైవేట్ లిమిటెడే, ఇందులో చర్చ లేదు. ఒక్కరే ఉంటే ఓపీసీ (ఒక్కరే పెట్టుకునే కంపెనీ) ఉంది, నాకు పెద్ద మోజు లేదు. పాత పార్ట్‌నర్షిప్ ఫర్మ్‌లో అప్పులు ఇంటిదాకా వస్తాయి, వదిలేయండి.

"ఎల్‌ఎల్‌పీ కదా, ఎవరడుగుతారులే" అని మే 30కి వేయాల్సిన ఫారం 11 (వార్షిక రిటర్న్), అక్టోబర్ 30కి వేయాల్సిన ఫారం 8 (ఖాతాల స్టేట్‌మెంట్) పక్కన పడేసేవాళ్ళకి మాత్రం 164తో టెన్షనే. వరసగా మూడేళ్ళు వేయకపోతే డిజిగ్నేటెడ్ పార్ట్‌నర్‌కి, అంటే ఈ ఫైలింగుల బాధ్యత ఉన్న పార్ట్‌నర్‌కి, అయిదేళ్ళ అనర్హత. 2017లో ఇదే సెక్షన్ కింద లక్షల మంది కంపెనీ డైరెక్టర్లు అనర్హులయ్యారు, మన తెలంగాణ హైకోర్టుకీ ఎందరో పరుగెత్తారు.

ఎల్‌ఎల్‌పీకే మొగ్గితే, డ్రాయింగ్స్ ఎంతవరకో, జీతం ఎవరికెంతో అగ్రిమెంట్‌లో రాయించి ముప్పై రోజుల్లో ఫారం 3తో ఫైల్ చేయండి. ఆ విషయాలు రాసుకోకపోతే చట్టం మొదటి షెడ్యూలే వర్తిస్తుంది. దాని ప్రకారం ముప్పై లక్షలు పెట్టినాయనకీ మూడు లక్షలు పెట్టినాయనకీ లాభంలో సమాన వాటా, జీతం ఎవరికీ ఉండదు.