గోడ అవతలి టీవీకి వైర్‌లెస్ హెచ్‌డీఎంఐ కిట్: ఎవరు కొనాలి, ఎవరు వద్దు

హాల్లో సెట్‌టాప్ బాక్స్, బెడ్‌రూమ్‌లో రెండో టీవీ. కన్సీల్డ్ వైరింగ్ ఉన్న ఇంట్లో ఇప్పుడు హెచ్‌డీఎంఐ కేబుల్ లాగాలంటే గోడ కొట్టాలి, లేదంటే గుమ్మం చుట్టూ పట్టీ వేసి తిప్పాలి. ఈ తంటా తప్పించేది వైర్‌లెస్ హెచ్‌డీఎంఐ కిట్. ఇందులో బాక్స్ దగ్గర పెట్టి బొమ్మనీ మాటనీ గాలిలో పంపే ట్రాన్స్‌మిటర్, టీవీ దగ్గర అందుకునే రిసీవర్, రెండింటికీ యూఎస్‌బీ పవర్ వైర్లు, చాలా కిట్లలో రిమోట్ సంకేతాన్ని బాక్స్‌కి చేర్చే ఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్) వైర్లు కూడా ఉంటాయి. సినిమాలకీ సీరియళ్లకీ క్రికెట్‌కీ నిక్షేపంలా పనికొస్తుంది. గేమింగ్‌కి మాత్రం కొనకండి.

ఎందుకంటే 1080పీ, 60 ఫ్రేముల వీడియోని ఉన్నదున్నట్టు పంపాలంటే సెకనుకు దాదాపు 3 గిగాబిట్లు పోవాలి. 5 గిగాహెర్ట్జ్ మీద నడిచే మామూలు కిట్ అంత మోయలేదు. అందుకే ట్రాన్స్‌మిటర్ దాన్ని హెచ్.264 అనే వీడియో పద్ధతిలో కుదించి పంపుతుంది, రిసీవర్ మళ్లీ విప్పుతుంది. దీనికి 100 మిల్లీసెకన్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే పడుతుంది. 100 అంటే 6 ఫ్రేములు. మౌస్ కదిపితే బాణం వెనకబడడం కంటికి తెలిసిపోతుంది. బొమ్మా మాటా కలిసే ఆలస్యమవుతాయి కాబట్టి సినిమాలో పెదాల కదలికకీ మాటకీ పొంతన తప్పదు. 60 గిగాహెర్ట్జ్ కిట్లలో ఈ ఆలస్యం దాదాపు ఉండదు గానీ, ఆ తరంగం గోడ దాటదు. ఒకే గదిలో ప్రొజెక్టర్‌కైతే అవి మంచివి.

డబ్బా మీద రాసే మీటర్లు అడ్డులేని చోట లెక్క. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ ఒకటైతే ఇబ్బంది ఉండదు. తొమ్మిది అంగుళాల గోడ, ఆర్‌సీసీ పిల్లర్, స్టీలు బీరువా, నిలువుటద్దం దారిలో ఉంటే సిగ్నల్ పడిపోతుంది. కొనేముందే చూసుకోవచ్చు: సెట్‌టాప్ బాక్స్ దగ్గర ఒక ఫోన్లో 5 గిగాహెర్ట్జ్ హాట్‌స్పాట్ పెట్టి, బెడ్‌రూమ్ టీవీ దగ్గర ఇంకో ఫోన్లో వైఫై అనలైజర్ యాప్ తెరవండి. సిగ్నల్ బలం (డీబీఎంలో చూపిస్తుంది, సున్నాకి దగ్గరైన కొద్దీ బలం ఎక్కువ) -65 గానీ అంతకంటే మెరుగ్గా, అంటే -60, -50 లా గానీ ఉంటే ధైర్యంగా కొనండి. -75 కంటే బలహీనంగా, అంటే -80 లా ఉంటే డబ్బు దండగ.

బొమ్మ వస్తూ పోతూ ఉందంటే ముందు పవర్ అనుమానించండి. రిసీవర్‌ని టీవీ యూఎస్‌బీకి తగిలిస్తారు, అక్కడ చాలా టీవీల్లో 500 మిల్లీయాంప్స్ మించి రాదు. లోడ్ పెరగ్గానే రిసీవర్ రీస్టార్ట్ అవుతుంది. 5 వోల్టుల 2 యాంప్స్ ఫోన్ అడాప్టర్ పెట్టండి. రిసీవర్‌ని టీవీ వెనక దాచొద్దు: అక్కడి మెటల్ సిగ్నల్‌ని అడ్డుకుంటుంది, అక్కడ వేడి కూడా ఎక్కువ. చిన్న హెచ్‌డీఎంఐ ముక్కతో పక్కకి తీసి, యాంటెన్నాలు నిలువుగా ఉంచండి.

స్క్రీన్ నల్లగా ఉంటే బాక్స్ సెట్టింగ్స్‌లో 4కె తీసేసి 1080పీ పెట్టండి. 1080ఐలో (గీత విడిచి గీతగా బొమ్మ పంపే పద్ధతి) గీతలు కనిపిస్తే 720పీ పెట్టండి.

ఐఆర్ వైరు చివరి గింజని బాక్స్ ముందున్న సెన్సార్ మీదే సరిగ్గా అంటించాలి, అర అంగుళం పక్కకి జరిగినా రిమోట్ మొండికేయొచ్చు. బ్లూటూత్ రిమోట్‌తో నడిచే బాక్సులకి ఈ వైరు ఎందుకూ పనికిరాదు.

కిట్ ఆర్డర్ పెట్టేముందు బెడ్‌రూమ్ గోడలో పాత కేబుల్ టీవీ పాయింట్ ఉందేమో చూడండి. హాలు దాకా ఆర్‌జీ6 (కేబుల్ టీవీ కోయాక్స్ వైరు) ఖాళీగా ఉంటే, ఆ వైరు మీదుగానే హెచ్‌డీఎంఐ పంపే హెచ్‌డీఎంఐ ఓవర్ కోయాక్స్ ఎక్స్‌టెండరే మేలు, ఏ గోడా దానికి అడ్డు కాదు. మధ్యలో స్ప్లిటర్ ఉంటే తీసేసి, రెండు చివర్లూ జాయినర్‌తో నేరుగా కలపండి. డిష్ నుంచి వచ్చే వైరుకి మాత్రం తగిలించొద్దు. ఎల్‌ఎన్‌బీ (డిష్ మీద సిగ్నల్ అందుకునే భాగం) కోసం దానిలో 13 లేదా 18 వోల్టులు వెళ్తుంటాయి, ఎక్స్‌టెండర్ కాలిపోయే ప్రమాదం ఉంది.