సమస్యాపూరణమా, కార్యశాలా, కవి సమ్మేళనమా: కవిత్వం నేర్చుకోవడానికి ఏది మేలు?

కవి సమ్మేళనం సంగతి ముందే తేల్చేస్తాను. ఉగాదికి వేదికెక్కి, మూడు నిమిషాలు చదివి, శాలువా కప్పించుకుని దిగడం సరదాగానే ఉంటుంది. పదిమందిలో గొంతు వణక్కుండా చదవడం అలవాటవుతుంది. కవిత ఎక్కడ కుంటిందో మాత్రం ఎవరూ చెప్పరు. అందరూ తమ వంతు కోసం కాగితాలు సర్దుకుంటుంటే వినేదెవరు?

అసలు పోటీ మిగతా రెంటికీ మధ్యే.

సమస్యాపూరణంలో చిత్రమైన పాదం ఒకటి ఇస్తారు, దానికి అర్థం కుదిరేలా మిగతా పద్యం మనం రాయాలి. అక్కడ గణాలే (గురువు లఘువుల లెక్కలే) బెత్తం పట్టుకుంటాయి. తెనాలి రామకృష్ణుడి పేర చెప్పుకునే ‘కుంజర యూథంబు దోమ కుత్తుక జొచ్చెన్’ తీసుకోండి. ఏనుగుల గుంపు దోమ గొంతులో దూరిందట! ఇది కందపద్యం చివరి పాదం. పై మూడు పాదాల్లోనూ ప్రాసకు, అంటే పాదంలో రెండో అక్షరంగా, సున్నా తర్వాత ‘జ’ పడాలి, అర్థమూ కుదరాలి. అంతటి పాండవులు విరటుణ్ణి కొలవాల్సి వచ్చిందని చెప్పి ఆ పూరణ గట్టెక్కింది. ఇలాంటివి ఓ ఏడాది చేస్తే చెవి తయారవుతుంది, ఒక మాట నప్పకపోతే ఇంకోటి వెతికే ఓపిక వస్తుంది. వచన కవితకు ఇదంతా ఎందుకంటారా? శ్రీశ్రీ తొలి కవితా సంపుటి ‘ప్రభవ’ (1928) ఛందస్సులో రాసిన పద్యాలదే.

లొసుగు ఒకటుంది. యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన జోడీ అక్షరం) తప్పితే వెంటనే తెలుస్తుంది, కవిత్వం తప్పితే తెలియదు. గణాలన్నీ సరిపోయిన చప్పిడి పద్యాలు నేనే బోలెడు రాశాను.

అది కార్యశాలలో తెలిసింది. 1936లో అమెరికాలో అయోవా విశ్వవిద్యాలయంలో మొదలైన కార్యక్రమంతో పేరుకెక్కిన పద్ధతి ఇది. కవిత ప్రతులు అందరికీ ముందే అందుతాయి. చర్చ జరుగుతున్నంతసేపూ రాసినవాడు నోరు మెదపకూడదు. అమ్మ మీద నేను రాసిన కవితను పక్కనున్నావిడ పైకి చదువుతూ, నేను మురిసిపోయిన పాదం దగ్గరే తడబడింది. ఇంకొకాయన, ‘చివర అమ్మా అని పిలిచేశాక పైనున్న ఎనిమిది పాదాలూ దేనికండీ?’ అన్నాడు. ఆ రాత్రి కోపం, వారానికి ఎనిమిదిలో ఐదు కొట్టేశాను.

నిజానికి మన కవిత బాగుపడటం కన్నా, ఇతరుల కవిత చదివి ‘ఎందుకు నచ్చలేదు’ అన్నదానికి కారణం వెతుక్కోవడంలోనే ఎక్కువ నేర్చుకుంటాం. కానీ మన దగ్గర పెద్దాయన కవిత వచ్చేసరికి అందరూ ‘అద్భుతం గురువుగారూ’ అంటారు, కుర్రాడిదైతే చీల్చి చెండాడతారు. అందరి సవరణలూ కలిపి రాస్తే కవిత కాస్తా పంచాయతీ తీర్మానంలా తేలుతుంది.

నన్నడిగితే ఏడాది పద్యం, ఆపైన కార్యశాల. చేరేముందు ఒక్క కవితకు ఎంతసేపు కేటాయిస్తారో అడగండి. అయిదు నిమిషాలంటే అదీ సమ్మేళనమే, శాలువా ఉండదంతే.