ఎంసీపీ టూల్స్ చాలాకాలం వాడాక: ఎర్రర్ మెసేజే అసలు డాక్యుమెంటేషన్

ఎంసీపీ (మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్) అంటే ఏఐ మోడల్‌ను బయటి టూల్స్‌కి కలిపే ప్రమాణం. 2024 నవంబరులో ఆంత్రోపిక్ దాన్ని ప్రకటించినప్పుడు ఏం చెప్పిందో అందరికీ తెలుసు, అది వదిలేస్తున్నాను. బెంగళూరు వైట్‌ఫీల్డ్ వైపు నడిచే ఒక రిటర్న్ పార్సిళ్ల వ్యవస్థలో పికప్ బుకింగ్ ఏపీఐని (ఒక సాఫ్ట్‌వేర్ మరోదాన్ని పిలిచే దారి) కస్టమర్‌తో మాట్లాడే ఏఐ ఏజెంటుకు అప్పగించి చాన్నాళ్లుగా వాడుతున్నాం. అందులో నాకు బాగా నచ్చిన సంగతి ఒక్కటే. టూల్ ఫెయిలైతే, ఎందుకు ఫెయిలైందో మోడలే చదువుకుంటుంది.

ప్రోటోకాల్ స్థాయి ఎర్రర్ (పారామీటర్లు చెల్లవని చెప్పే మైనస్ 32602 లాంటిది) వస్తే చాలా క్లయింట్లు దాన్ని మోడల్ దాకా పోనివ్వవు. అదే టూల్ ఫలితంలో ‘ఈజ్ ఎర్రర్’ జెండా పెట్టి పంపితే, అందులో రాసిన వాక్యం మోడల్ ముందుకు వస్తుంది. ఆ వాక్యం ఎలా రాశామన్న దాన్నిబట్టే తర్వాతి అడుగు ఉంటుంది. ‘422, ఇన్‌వాలిడ్ ఇన్‌పుట్’ అని పంపితే మోడల్ అవే విలువలు మళ్లీ పంపుతుంది, లేదా కస్టమర్‌కి క్షమాపణ చెప్పి ఊరుకుంటుంది. ‘మీరు పంపిన పికప్ తేదీ గడిచిపోయింది. భారత కాలమానంలో ఈరోజు ఫలానా తేదీ. ఏడాది, నెల, రోజు వరుసలో ఈరోజు గానీ ఆ తర్వాతది గానీ పంపండి’ అని రాస్తే తర్వాతి కాల్‌లోనే సరిచేసుకుంటుంది.

తేదీ ఉదాహరణ ఊరికే తీసుకోలేదు. సర్వర్ గడియారం యూటీసీలో (మనకంటే ఐదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ ప్రామాణిక సమయం) ఉంటే మన అర్ధరాత్రి నుంచి తెల్లవారుజాము ఐదున్నర దాకా దానికి ఇంకా నిన్నటి రోజే. ఆ వేళలో కస్టమర్ ‘రేపు’ అన్నా, కన్నడంలో ‘నాళె’ అన్నా లెక్క ఒక రోజు వెనక్కి పోతుంది. ఈరోజు తేదీ ఏజెంటుకు భారత కాలమానంలోనే అందాలి.

ఓపెన్ ఏపీఐ ఫైలు (ఏపీఐ ఏమేం చేస్తుందో రాసిన వివరణ) ఇస్తే టూల్స్ తయారుచేసి పెట్టే కన్వర్టర్ గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. ప్రతి ఎండ్‌పాయింట్ (ఏపీఐలో పిలవగల ఒక్కో చిరునామా) ఒక టూల్ అయిపోతుంది, వివరణలన్నీ డెవలపర్ల కోసం రాసినవే. ఈ టూల్ ఎప్పుడు వాడకూడదు, ఆర్డర్ ఐడీ ఏ టూల్ నుంచి తెచ్చుకోవాలి, మొత్తం రూపాయల్లోనా పైసల్లోనా అన్నవి చేత్తో రాసుకోవాల్సిందే. 499 రూపాయలు 49900గా వెళ్లాలని రాయకపోతే మోడల్ 499 అనే పంపుతుంది.

అసలు దెబ్బ టైమవుట్ దగ్గర తగిలింది. టూల్‌కి 30 సెకన్ల గడువు ఉంది. కొరియర్ వైపు స్లాట్ ఖరారుకు అంతకంటే ఎక్కువ పట్టింది. 504 (గడువు మించిందనే ఎర్రర్) వస్తే ‘సమయం మించింది, మళ్లీ ప్రయత్నించండి’ అని చెప్పడం కన్వర్టర్‌కి ముందే ఉన్న అమరిక. మోడల్ ఆ మాట అక్షరాలా పాటించింది. మొదటి బుకింగ్ వెనకాల అప్పటికే పూర్తయింది. ఒకే పార్సిల్‌కి రెండు పికప్‌లు పడి, ఇద్దరు రైడర్లు ఒకే గుమ్మం ముందుకు వచ్చారు. జవాబు రాలేదంటే పని జరగలేదని కాదు, కానీ ఆ మెసేజ్ చదివితే అలాగే అనిపిస్తుంది.

పరీక్షల్లో ఇది ఎందుకు దొరకలేదన్నది ఇంకా ముఖ్యం. మూల్యాంకనం ఏజెంటు చివరి జవాబును, సరైన టూల్ పిలిచిందా లేదా అన్నదాన్ని చూసేది. ‘మీ పికప్ బుక్ అయింది’ అన్న జవాబు నిజమే, పిలిచిన టూల్ కూడా సరైనదే. డేటాబేస్‌లో బుకింగ్ వరుసలు ఒకటా రెండా అని ఎవరూ లెక్కపెట్టలేదు. పైగా టెస్టు సర్వర్ తక్షణం జవాబిచ్చేది. ఇప్పుడు అదే సర్వర్ బుకింగ్ రాసేసి, 35 సెకన్లు ఆగి, జవాబు ఇవ్వకుండా కనెక్షన్ తెంచేస్తుంది. ప్రతి ప్రశ్ననూ కనీసం ఐదుసార్లు నడపాలి, ఒక్కసారి రెండు వరుసలు పడినా ఫెయిలే. సగటు చూస్తే ఇలాంటివి కనబడవు. ‘ఎల్లుండి పొద్దున’ను తెలుగు లిపిలో, ఇంగ్లిష్ అక్షరాల్లో, కన్నడం కలిపి కూడా అడగాలి, బెంగళూరులో జనం టైపు చేసేది అలాగే.

దీనికి మందు ఐడెంపొటెన్సీ కీ, అంటే ఒకే అభ్యర్థన రెండుసార్లు వచ్చినా పని ఒక్కసారే జరిగేలా గుర్తుపట్టే కోడ్. దాన్ని టూల్ పారామీటర్‌గా పెడితే లాభం లేదు. రెండోసారి పిలిచేటప్పుడు మోడల్ కొత్త కీ తయారుచేస్తుంది. ఆర్డర్ నంబరు, పికప్ తేదీ, చిరునామా ఐడీ కలిపి సర్వరే కట్టాలి, రద్దయిన పికప్‌లను లెక్కలోంచి తీసేయాలి, లేదంటే కస్టమర్ రద్దు చేసి అదే రోజుకి మళ్లీ అడిగితే కుదరదు. మెసేజ్ కూడా మార్చాలి: ‘బుకింగ్ జరిగిందో లేదో తెలియదు. మళ్లీ బుక్ చేయకండి. ముందు ఈ ఆర్డర్ పికప్ వివరాలు చూడండి.’ ఆ చూసే టూల్ ప్రధాన డేటాబేస్‌నే చదవాలి. వెనకబడిన రెప్లికా (డేటాబేస్ నకలు) ‘ఏమీ లేదు’ అంటే మళ్లీ మొదటికొస్తాం. 2025 మార్చి ఎంసీపీ స్పెసిఫికేషన్‌లో వచ్చిన ఐడెంపొటెంట్ హింట్ (మళ్లీ పిలిచినా అదనపు ప్రభావం ఉండదని టూల్ చెప్పుకునే గుర్తు) పేరుకు తగ్గట్టు సూచన మాత్రమే, దేన్నీ ఆపదు.

ఎర్రర్ మెసేజ్ మీద నా ఇష్టానికి కూడా ఒక హద్దు ఉంది. తప్పు ఇన్‌పుట్‌లో ఉన్నప్పుడే అది బాగా పనిచేస్తుంది. ఏపీఐలోకి రానిచ్చే టోకెన్ గడువు తీరి 401 (అనుమతి లేదనే ఎర్రర్) వస్తే, ఎంత వివరంగా రాసినా మోడల్ ఏవేవో మార్చి చూస్తూ కాల్స్ దండగ చేస్తుంది. అక్కడ ‘ఇది మీరు సరిచేయలేరు, కస్టమర్‌కి చెప్పి ఆపండి’ అని రాయాలి.

మావి కొద్దిపాటి టూల్స్, ఏపీఐ కోడ్ కూడా మా చేతిలోనే ఉంది కాబట్టి ఈ మార్పులు కుదిరాయి. పరాయి ఏపీఐ అయితే మధ్యలో ఒక పొర రాసుకోక తప్పదు, అప్పుడు ఈ శ్రమ గిట్టుబాటవుతుందా అన్నది మీ పనిని బట్టి. రీఫండ్ టూల్‌ను మాత్రం మనిషి ఆమోదం లేకుండా ఏజెంటుకు ఇవ్వడం లేదు. ఆ వైపు ఏపీఐ ఐడెంపొటెన్సీ కీ తీసుకునేదాకా ఇవ్వం కూడా.