ఓల్డేజ్ హోమ్ గేటు మొత్తం బంద్ పెట్టుడా, ఇంటోళ్లల్ల ఒక్కరిని రానిచ్చుడా: ఏది మేలు?

కరోనా అసొంటిది మళ్లొస్తే ఓల్డేజ్ హోమ్‌లకు సర్కారు ఏం రూల్ పెట్టాలె అంటే మా నల్లగొండల ఎవర్నడిగినా ముందు గేటు బంద్ పెట్టాలనే అంటరు. 2020 మార్చి 13న అమెరికా కేంద్ర ప్రభుత్వం చెప్పింది గూడ అదే, చివరి ఘడియల్ల ఉన్నోళ్ల కాడికి తప్ప విజిటర్స్‌ని రానియ్యొద్దన్నది. నేను ఆ మాటను కొట్టేస్తలేను. టెస్టులు లేవు, మాస్కులు దొరకవు, రోగం ఎట్ల పాకుతదో తెల్వదు, అసొంటప్పుడు మొదటి కొన్ని వారాలు బంద్ పెట్టుడే కరెక్ట్. నెలలకు నెలలు అట్లనే నడిపిస్తే మాత్రం లాభం కంటే నష్టమే ఎక్కువ అంటా.

ఎందుకంటే ఆ బంద్ చుట్టాలకే. ఆయమ్మలు, వంటామె, వాచ్‌మెన్ రోజూ వచ్చిపోతనే ఉంటరు. 2020 ఫిబ్రవరిల వాషింగ్టన్ రాష్ట్రం కిర్క్‌లాండ్‌ల ఒక హోమ్‌ల రోగం బయటపడ్డప్పుడు ఆరా తీస్తే, పానం బాగలేకున్నా డ్యూటీకొచ్చినోళ్లు, ఒకటికి మించి హోమ్‌లల్ల పనిచేసేటోళ్లు ఉన్నరని తేలింది. మన దగ్గర గూడ జీతం సాలక ఒకే ఆయమ్మ పగలు హోమ్‌ల చేసి రాత్రి ప్రైవేట్ దవాఖానల డ్యూటీ ఎక్కుతది, మధ్యల నిండుగున్న షేర్ ఆటోల పోతది, ఆమెను తప్పు పట్టేదేమున్నది చెప్పున్రి. కెనడాల బ్రిటిష్ కొలంబియా దీన్ని సూటిగ పట్టుకున్నది: ఒకరు ఒకే హోమ్‌ల చేయాలన్నది, జీతాలు తక్కువున్న కాడ సర్కారే పెంచి సమానం చేసింది. జీతం ముచ్చట లేకుండ ఉత్త ఆర్డర్ పెడితే ఆయమ్మలు పనే మానేస్తరు.

ఇగ రెండోది, ఒక్కరికి పర్మిషన్. నెదర్లాండ్స్‌ల 2020 మార్చిల అంతా బంద్ పెట్టి, మే 11 నుంచి 26 హోమ్‌లల్ల ట్రయల్‌గ ఒక్కొక్కరికి ఒకే ఒక్క మనిషిని రూల్స్‌తోని రానిచ్చిన్రు, ఆ మొదటి వారాలల్ల కొత్త కేసులు రాలేదు, తర్వాత మిగతా హోమ్‌లకు పెంచిన్రు. కేసులు తక్కువున్న టైంల చేసిన్రనేది నిజమే, అందుకే కేసులు బాగ పెరిగితే కొన్ని రోజులు ఆపుకోవచ్చు.

మా పెద్దమ్మ ఒక హోమ్‌ల ఉండేది. కండ్లు సరిగ కనవడవు, అక్క వచ్చి గటకల సల్ల పోసి పిసికి నోట్లె పెడితేనే తినేది. బంద్ అయినంక అక్క గ్రిల్ల సందుల నుంచి డబ్బా ఇచ్చేది, మాపటికి అది ఇచ్చింది ఇచ్చినట్టే తిరిగొచ్చేది. వీడియో కాల్ చేయిస్తే మాట ఏ దిక్కుకెళ్లి వస్తుందో తెల్వక గోడ దిక్కు తిరిగి పలికేది. మర్రిగూడ దిక్కు ఫ్లోరైడ్ నీళ్లకు నడుము వంగిపోయిన ముసలోళ్లకైతే పక్క మార్చనీకి గూడ ఇంకో మనిషి కావాలె, ఇద్దరు ఆయమ్మలు అందరికీ ఎట్ల అందుతరు? ఇంటి మనిషిని విజిటర్ అని లెక్క గట్టుడే నాకు నచ్చదు, ఆమె సగం పని చేసే మనిషి.

ఏది పెట్టినా దవాఖాన నుంచి వాపసొచ్చేటోళ్ల సంగతి చూడకుంటే అంతా దండుగ. న్యూయార్క్‌ల 2020 మార్చి 25న, కరోనా ఉన్నదన్న ఒక్క కారణంతోని ఎవర్నీ చేర్చుకోమని అనొద్దని హోమ్‌లకు ఆర్డరేసిన్రు, మే 10న మార్చుకున్నరు. ఇంగ్లండ్‌ల టెస్ట్ లేకుండనే హోమ్‌లకు పంపిన్రు, 2022 ఏప్రిల్‌ల అక్కడి హైకోర్టు ఆ పాలసీ చట్టవిరుద్ధమన్నది. బెడ్లు ఖాళీ కావాలని చేసిన్రు, కానీ ఇటు సుట్టాలను ఆపి అటు పేషెంట్‌ని లోపలికి పంపుడు ఏం పద్ధతి? వాపసొచ్చినోళ్లకు వేరే రూము, వేరే ఆయమ్మ ఉండాలె, లేకుంటే సర్కారే వేరే జాగ చూపియ్యాలె.

నన్నడిగితే మొదట్ల కొన్ని వారాలే బంద్, ఆయమ్మకు ఒకే హోమ్, ఫుల్ జీతం, ఆ తర్వాత ఇంటోళ్లల్ల ఒక్కరికి మాస్కుతోని పర్మిషన్. టీకా గూడ హోమ్‌కే రావాలె, 2021 మే నెలల ఐడీ కార్డులు లేని ఆశ్రమపోళ్లకు గూడ వేయాలని కేంద్రం చెప్పింది, అది ముందుగాలే రాసిపెట్టుకుంటే ఆలస్యం కాదు. ఆ ఒక్కరు ఎవరన్నది చేరేటప్పుడే రిజిస్టర్ల రాయించాలె, పాలమూరు దిక్కు బిడ్డలు బొంబాయి, పూణె పనులకు పోయి ఉంటరు కాబట్టి ఊర్ల దగ్గరోళ్ల పేరు, అది పక్కింటోళ్లదైనా సరే, రెండో పేరుగ ఎక్కించుకోవాలె.